చేయి విరిగినప్పుడు చేయదగినది

చేయి విరిగినవానికి ఇంటివారును ఇరుగుపొరుగువారును చెప్పు మాట సాధారణముగా ఒక్కటియే: కదలక మెదలక కూర్చుండుమని. ఈ మాటలో ప్రేమ కలదు, కొంత సత్యమును కలదు; కాని ఎముక విరుగుటయు మనిషి పనికిమాలుటయు ఒక్కటియే యనెడి భావము గూడ దానిలో అణగియున్నది. భుజము క్రిందినుండి వ్రేళ్ళ కొనల వఱకు ఒక్కొక్క చేతిలో 30 ఎముకలు కలవు. వానిలో ఒకటి విరిగినను తక్కిన 29 చెక్కుచెదరక నిలిచియుండును. రెండవ చేయి, రెండు కాళ్ళు, చూపు, వాక్కు, బుద్ధి యథాపూర్వముగా నుండనే యుండును. అట్లగుటచే విరిగిన చోటికి విశ్రాంతి నిచ్చుచు, తక్కిన దేహమును జీవితమును ఎంతవఱకు నడిపించుకొనవచ్చును, ఎచ్చట ఆగవలెను అను ప్రశ్న ప్రతి రోగియు అడుగదగినది, ప్రతి వైద్యుడును ఉత్తరమీయదగినది. ఈ ప్రశ్నను గూర్చి ప్రాచీనులు చెప్పినదానిని, ఆధునికులు పరీక్షించి తేల్చినదానిని, మన ఇండ్లలోను పనిచోటులలోను అనుభవమునకు వచ్చుదానిని ఒకచోట జేర్చి విచారించుట ఈ వ్యాసోద్దేశము.

మొదట ఎముక అతుకుకొను క్రమమును తెలిసికొనవలెను. ఏలనగా చేయదగినదియు చేయరానిదియు ఆ క్రమమునుబట్టియే నిర్ణయమగును. విరిగిన క్షణమున ఎముకలోని సూక్ష్మ రక్తనాళములు తెగి, ఆ సందున రక్తము చేరి గడ్డకట్టును. కొలది దినములలో ఆ గడ్డలోనికి క్రొత్త నాళములును, ఎముకను నిర్మించు జీవకణములును ప్రవేశించి, రెండు మూడు వారములలో మెత్తని అతుకును కల్పించును. పిమ్మట దానిలో సున్నపు లవణములు నిండగా అది గట్టిపడును. పెద్దవారిలో మణికట్టు విరుపు సుమారు 6 వారములకు కట్టు విప్పదగినంత దృఢమగును. ముంజేతి ఎముకలును దండచేతి ఎముకయు ఇంకను ఎక్కువ కాలము కోరుట కలదు. పసిపిల్లలలో 3, 4 వారములే చాలవచ్చును. బాల్యమున ఒక మాసము, నడివయసున రెండు, వార్ధక్యమున మూడు మాసములు పట్టునని సుశ్రుతసంహిత చెప్పిన లెక్క నేటి అనుభవమునకు మిక్కిలి దూరముగా లేదు. అతుకు పడిన తరువాత ఎముక తన పూర్వరూపమునకు మరలుట నెలల కొలది, ఒక్కొక్కప్పుడు సంవత్సరముల కొలది సాగు పని. ఎముక తాను వహించు భారమునకు అనుగుణముగా తన నిర్మాణమును మార్చుకొనునని జర్మన్ శస్త్రవైద్యుడు యూలియుస్ వోల్ఫ్ 1892లో ప్రకటించిన సూత్రము ఈ ఘట్టమునకు వర్తించును. తొలి దశలో నిశ్చలతయే ఔషధము. తుది దశలో భారమే ఔషధము. ఈ రెండింటి నడుమ నొకదానినుండి మఱియొకదానికి ఎప్పుడు, ఎట్లు మాఱవలెననునదియే అసలు చిక్కు.

ఈ చిక్కును గూర్చి వైద్యలోకము శతాబ్దముల తరబడి వాదించినది. సుశ్రుతసంహితా చికిత్సాస్థానమునందలి భగ్నచికిత్సాధ్యాయము మఱ్ఱి, రావి, మేడి, మోదుగు, మద్ది మొదలగు వృక్షముల పట్టలతోను వెదురు బద్దలతోను కట్టు కట్టవలెనని చెప్పి, చలికాలమున ఏడు దినముల కొకసారి, సమశీతోష్ణ కాలమున అయిదు దినముల కొకసారి, వేసవిలో మూడు దినముల కొకసారి కట్టు మార్చవలెనని విధించినది. కట్టు వదులైనచో అతుకు నిలువదు, మిక్కిలి బిగువైనచో వాపును నొప్పియు చర్మము చీముపట్టుటయు సంభవించును; కావున మధ్యమ బంధమే శ్రేష్ఠమని చెప్పిన ఆ గ్రంథము అంతటితో ఆగలేదు. అరచేయి విరిగి నయమగుచున్నవాడు మొదట మట్టిముద్దను, పిమ్మట ఉప్పుగడ్డను, చేతికి బలము వచ్చిన పిదప రాతిని పట్టుకొని అభ్యసించవలెనని క్రమమును నిర్దేశించినది. మెత్తనిదానినుండి గట్టిదానికి, తేలికనుండి బరువునకు మెట్టుమెట్టుగా ఎక్కించెడి ఈ విధానమును నేటి వ్యాయామచికిత్సకులు రబ్బరు బంతితోను చిన్న బరువులతోను చేయించుచున్నారు.

ఐరోపాలో ఈ వాదము పందొమ్మిదవ శతాబ్దమున తీవ్రమైనది. డచ్చి సైనిక వైద్యుడు ఆంటోనియుస్ మాథైసెన్ పిండికట్టు విధానమును 1852లో ప్రకటించిన పిమ్మట విరిగిన అవయవమును రాతివలె నిలుపుట సులభమైనది. లివర్‌పూల్ నగరమున హ్యూ ఓవెన్ థామస్ విశ్రాంతి సంపూర్ణముగను, ఎడతెగకను, దీర్ఘకాలము ఉండవలెనని బోధింపగా, పారిస్ నగరమున లూకా షాంప్యోనియేర్ కదలికయే ప్రాణమని, మర్దనమును తొలి దినములనుండి చలనమును ప్రవేశపెట్టవలెనని ప్రతిఘటించెను. ఇద్దరును అనుభవజ్ఞులే, ఇద్దరి రోగులును నయమైరి. ఈ రెండు మార్గములకును పొత్తు కుదిర్చినవారిలో వియన్నా నగరవాసి లోరెంజ్ బోలర్ ముఖ్యుడు. 1925లో అచ్చట ప్రమాద బాధితులకై ఆసుపత్రి తెఱచిన ఈ వైద్యుడు విరిగిన చోటును కదలనీయక పట్టియుంచుచునే, కట్టునకు వెలుపలనున్న ప్రతి కీలును రోగి తానై కదల్చుచుండవలెనని పట్టుపట్టెను. 1977లో శస్త్రవైద్యుడు ఆగస్టో సార్మియెంటో దండచేతి విరుపునకు భుజమును మోచేతిని బంధింపక ఎముకను మాత్రమే చుట్టిపట్టెడి తొడుగును ప్రచారము చేయుటయు ఈ ఆలోచనయొక్క కొనసాగింపే. భుజమువద్ద ఎముక విరిగి తొలగినవారిలో 250 మందిని బ్రిటన్‌లో రెండు సంవత్సరములు పరిశీలించి 2015లో ప్రకటించిన పరీక్షలో, శస్త్రచికిత్స పొందినవారికిని, చేతిని మెడపట్టీలో వ్రేలాడదీసికొని క్రమముగా కదలికలు నేర్చినవారికిని చేతి వాడుకలో చెప్పదగిన భేదము కానరాలేదు. శస్త్రచికిత్స తప్పనిసరియైన విరుపులు లేకపోలేదు: చర్మమును చీల్చుకొని ఎముక బయటపడినను, నాళములకు నరములకు దెబ్బ తగిలినను, ముంజేతి రెండెముకలును తొలగినను అది అవసరమగుట కలదు. అయినను ఏ మార్గమున నయమైనను చివర చేయి చేయిగా పనిచేయుట రోగి చేసిన అభ్యాసముమీదనే చాలవఱకు ఆధారపడియున్నది.

తెలుగుదేశమున ఈ విషయము తలపెట్టినంతనే పుత్తూరు కట్టు జ్ఞప్తికి వచ్చును. చిత్తూరు సీమలోని పుత్తూరు సమీపమున వంశపారంపర్యముగా సాగుచున్న ఈ వైద్యమునకు ఆకుపసరు, కోడిగ్రుడ్డు తెల్లసొన, వెదురు దబ్బలు, గుడ్డపట్టీలు సాధనములు. ఆంధ్రమునుండియే కాక తమిళ కర్ణాటక దేశములనుండియు జనులు అచ్చటికి పోవుచుండిరి. ఈ సంప్రదాయమునందు స్పర్శజ్ఞానము కలదు, పేదవానికి అందుబాటు కలదు. వీనిని తేలికగా త్రోసివేయరాదు. కాని కట్టు నాటుదైనను ఆసుపత్రిదైనను, ఒక్క అపాయమును సర్వులును ఎఱిగియుండవలెను. లోపల వాపు పెరుగుచుండగా వెలుపల కట్టు సడలనిచో కండరములకు రక్తము అందక అవి చచ్చి, చేయి శాశ్వతముగా వంకరపోవును. జర్మన్ వైద్యుడు ఫోల్క్‌మన్ 1881లో వర్ణించిన ఈ దుస్థితి నేటికిని మన పల్లెలలో అక్కడక్కడ కానవచ్చుచునే యున్నది. వ్రేళ్ళు నల్లబడుట, పాలిపోవుట, చల్లబడుట, తిమ్మిరెక్కుట, వ్రేలిని మెల్లగా చాపినను ఓర్వరాని నొప్పి కలుగుట — ఈ చిహ్నములలో ఏది కనబడినను తెల్లవారువఱకు వేచియుండక కట్టు విప్పించుకొనవలెను. దెబ్బ తగిలిన వెంటనే, వాపు రాకమునుపే, ఉంగరములను గాజులను తీసివేయుట ఇంటివారు చేయగల మొదటి ఉపకారము. నయమగు వఱకు పొగత్రాగుట మానుట రోగి తనకు తాను చేసికొనగల ఉపకారము. పొగ ఎముక అతుకును ఆలస్యపఱచునని నిశ్చయమైయున్నది. పాలు, గ్రుడ్లు, చేపలు, రాగులు, పప్పులు అతుకునకు కావలసిన సరుకును సమకూర్చును. మన పెరళ్ళలో ప్రాకు నల్లేరును అస్థిసంహారకమని ఆయుర్వేదము పేర్కొన్నది. కాశీలో ఉడుప మొదలగు వైద్యులు 1960 ప్రాంతములందు జంతువులపై జరిపిన పరీక్షలలో దానికి కొంత గుణము కనబడినది. నల్లేరు పచ్చడి తినవచ్చును గాని, అది కట్టునకు బదులు కాజాలదు.

ఇక దేహము చేయగల పనులకు వత్తము. వ్రేళ్ళకు అడ్డములేని కట్టుగలవాడు వైద్యుడు వలదనిన తప్ప మొదటి దినమునుండియే గంట గంటకు వ్రేళ్ళను పూర్తిగా ముడుచుచు పూర్తిగా చాపుచుండవలెను. బొటనవ్రేలితో తక్కిన వ్రేళ్ళ కొనలను తాకవలెను. మోచేయి విడిగా నున్నచో దానిని, భుజమును గూడ దినమునకు పలుమార్లు పూర్తి మేరకు త్రిప్పవలెను. తొలి దినములలో చేతిని గుండెకంటె ఎత్తున దిండ్లపై ఉంచినచో వాపు తగ్గును. మణికట్టు చక్కగా అతుకుకొని భుజము బిగిసిపోయిన వృద్ధులు అనేకులు కలరు. వారి బాధకు కారణము విరుపు కాదు, భయముచే భుజమును ఱొమ్మునకు అంటించి కూర్చుండుట.

ఇంతకంటె విచిత్రమైన సత్యమొకటి కలదు. ఒక చేతితో బరువులెత్తి అభ్యసించినచో రెండవ చేతికిని కొంత బలము చేకూరునని యేల్ విశ్వవిద్యాలయమున స్క్రిప్చర్ అను శాస్త్రజ్ఞుడు 1894లోనే కనుగొనెను. అభ్యాసము చేయని చేతికి సగటున నూటికి ఏడెనిమిది వంతుల బలము పెరుగునని తరువాతి పరీక్షలు తెలిపినవి. బలమనునది కండరమునందు మాత్రమే కాక, దానిని ఆజ్ఞాపించు మెదడునందును ఉండుటయే దీనికి కారణము. కెనడాలో ఫార్తింగ్ మొదలగు పరిశోధకులు ఆరోగ్యవంతుల చేతిని కట్టులో ఉంచి రెండవ చేతికి వ్యాయామము చేయింపగా, కట్టులోని చేయి సాధారణముగా పోగొట్టుకొనెడి బలమును నిలుపుకొన్నది. మణికట్టు విరిగిన ప్రౌఢ స్త్రీలపై జరిగిన పరీక్షలోను ఈ అభ్యాసము మేలు చేసినది. మఱియొక వైపున, కుడిచేయి విరిగి రెండు వారములకు పైగా కట్టులోనున్న పదుగురిని జ్యూరిక్‌లో పరీక్షింపగా, కుడిచేతిని శాసించు మెదడుపొర కొంచెము పలుచబడుటయు, ఎడమచేతి నేర్పు పెరుగుటయు తెలియవచ్చినట్లు 2012లో ప్రకటించిరి. విరుగని చేతిని వాడుట కాలక్షేపము కాదని, అదియు చికిత్సలో భాగమేనని ఈ పరీక్షల తాత్పర్యము. దినమునకు కొంత నడక కూడ చేయవలెను; అయితే మెడపట్టీలో చేయి చిక్కియున్నప్పుడు తూకము తప్పి పడుట సులభమగుటచే తడి నేలను, చీకటి మెట్లను వర్జింపవలెను.

గృహజీవనమున మన దేశపు చిక్కులు వేఱు. అన్నము కుడిచేతితో తినుట, శౌచము ఎడమచేతితో చేసికొనుట మనకు ఉగ్గుపాలతో అబ్బిన నియమములు. కుడిచేయి విరిగినవాడు విస్తరిముందు సిగ్గుపడును; ఎడమచేయి విరిగినవాడు స్నానపుగదిలో సిగ్గుపడును. చెంచాతో తినుట, ఎడమచేత ప్రసాదము గ్రహించుట, నీటిగొట్టపు సాధనముతో శౌచము తీర్చుకొనుట ఆపద్ధర్మముగా ఎంచి, ఇంటి పెద్దలే ముందుగా అనుజ్ఞ ఇచ్చినచో రోగి అభిమానము నిలుచును. చొక్కా తొడుగుకొనునప్పుడు విరిగిన చేతిని మొదట, విప్పునప్పుడు చివరకు అను నియమము పాటించినచో వస్త్రధారణలో సగము బాధ తీఱును. పంచెకు బదులు నాడా ముడి అక్కరలేని వదులు లాగు, చీరకు బదులు వదులు గౌను, ముందువైపు మూసికొను ఱవిక కొంతకాలము మేలు. చీర కట్టుకొనక గడప దాటని పెద్దమ్మలకు కుచ్చిళ్ళు సవరించుటకు కోడలో కూతురో తోడు నిలుచుటలో చిన్నతనము లేదు. పిండికట్టు తడవరాదు, స్నానవేళ ప్లాస్టిక్ సంచి చుట్టి, చేతిని వెలుపలికి చాపియుంచవలెను. కట్టులోపల దురద పుట్టినప్పుడు పుల్లలు, పెన్నులు దూర్చుట పుండునకు దారితీయును.

వంటింట ఒంటిచేతితో చేయదగినవి పెక్కు కలవు: పోపు వేయుట, కలియబెట్టుట, పప్పు నానవేయుట, బియ్యము కడుగుట. కాలితో అదిమి పట్టబడు మన కత్తిపీట, కూరగాయను కదలక పట్టుటకు రెండవ చేయి కోరెడి చాకుకంటె ఈ సమయమున అనుకూలమైనది. అయితే ఉన్న ఒక్క చేతికి గాయము కాకుండ మెల్లగా తఱుగవలెను. గంజి వార్చుట, మరుగు నూనె మూకుడును దింపుట, నిండు బిందె నెత్తుట, పసిబిడ్డ నెత్తుకొని నడచుట మాత్రము కూడదు. ఇవి రెండు చేతుల పనులు, వీనిలో పొరపాటు జరిగినచో విరుపుకంటె పెద్ద హాని కలుగును. వాహనము నడపుట కూడ ఇట్టిదే. మోటారుసైకిలుకు కుడిచేత వేగమును ముందరి బ్రేకును, ఎడమచేత క్లచ్చియు నుండుటచే ఏ చేయి విరిగినను నడుపువాని ప్రాణమునకేగాక వీథిలోనివారి ప్రాణములకును అపాయము.

చదువు, వ్రాత, ఆలోచన, బోధన, లెక్కలు చూచుట, సంఘసేవ మొదలగు వ్యాసంగములకు విరిగిన చేయి అడ్డము కాదు. చరవాణి నేడు తెలుగు పలుకును విని అక్షరములుగా మార్చుచున్నది. పరీక్షలవేళ చేయి విరిగిన విద్యార్థి వైద్యుని ధ్రువపత్రముతో లేఖకుని సాయము కోరవచ్చును. ఏడాది చదువును వృథా చేసికొననక్కరలేదు. ఎడమచేతి వ్రాత అసాధ్యమని తలచువారు గాంధీజీని స్మరింపవలెను: 1909లో కిల్డోనన్ కాజిల్ ఓడపై హింద్ స్వరాజ్ వ్రాయుచు కుడిచేయి అలసినప్పుడు ఎడమచేతితో సాగించి, 275 పుటల వ్రాతప్రతిలో సుమారు 40 పుటలను ఆ చేతితోనే పూర్తిచేసెను. హంగరీ సైనికుడు కారొయ్ టాకాచ్ కుడిచేయి 1938లో గ్రెనేడు పేలి ఛిద్రముకాగా, ఎడమచేతితో తుపాకి కాల్చుట నేర్చి 1948లో లండన్‌లోను, 1952లో హెల్సింకీలోను ఒలింపిక్ స్వర్ణపతకములను గెలిచెను. మన కాకినాడలో పుట్టిన క్రికెట్ ఆటగాడు హనుమ విహారి 2023లో ఇండోరున మధ్యప్రదేశ్‌తో జరిగిన రంజీ క్వార్టర్ ఫైనల్‌లో ఎడమచేయి విరిగినను, ఆంధ్ర జట్టు అవసరమునకై మరల బరిలో దిగెను. కుడిచేతివాటపు ఆటగాడయ్యును, విరిగిన చేయి బంతికి ఎదురుపడకుండుటకై ఎడమచేతివాటమునకు మాఱి, ఒంటిచేతితో ఆడి తొలి ఇన్నింగ్సును 27 పరుగులతో ముగించెను. ఆ ధైర్యము వంద్యము. అనుకరణీయము మాత్రము కాదు. ఆ ఘట్టమున మనము గ్రహింపదగినది సాహసముకంటె యుక్తి: చేయరాని చేతిని వెనుకకు దాచి, చేయగల చేతిని ముందుకు తెచ్చుట.

అయితే ఇంతవఱకు చెప్పినదంతయు విశ్రాంతి తీసికొనగలవానికి వర్తించును. తాపీపనివాడు, కల్లుగీత కార్మికుడు, నేతగాడు, బరువులు మోయు హమాలీ, నాట్లువేయు కూలిస్త్రీ — వీరికి చేయియే కూడు. ఆరు వారములు ఆగుమనెడి వైద్యుని మాట వీరి చెవికి ఆరు వారములు పస్తుండుమనినట్లు వినబడును. అందుచేతనే అనేకులు కట్టును ముందుగా విప్పుకొని పనికి పోవుదురు. అతుకని ఎముక వంకరగా కుదిరి జీవితాంతము పీడించును. 1948 నాటి చట్టముతో మొదలైన ఉద్యోగుల రాజ్యబీమా పథకమున చేరిన కార్మికునకు జబ్బు సెలవు కాలమున, ఏటా 91 దినముల వఱకు, నూటికి 70 వంతుల వేతనమును, పనిలో తగిలిన గాయమైనచో నయమగు వఱకు నూటికి 90 వంతులును లభించును. అర్హుడైనవాడు దీనిని అడిగి పుచ్చుకొనుట యాచన కాదు, హక్కు. కాని మన కూలీలలో అత్యధికులు ఈ పథకపు నీడకు రానివారే. యజమాని అట్టివానికి ఒంటిచేతి పని యేదైన చూపుట — కాపలా, లెక్క వ్రాయుట, నీరు పెట్టుట, క్రొత్తవారికి పని నేర్పుట — దానముకంటె మేలైన సాయము. చేయి విరిగినవాడు ఏమి చేయగలడను ప్రశ్నకు సగము ఉత్తరము వాని చుట్టునున్నవారి చేతిలో నున్నది.

కట్టు విప్పిన దినము పండుగవలె తోచును గాని, నిజమైన కృషి నాటినుండియే ఆరంభమగును. సన్నబడి, చర్మము పొలుసులు దేఱి, బిగిసియున్న చేతిని చూచి రోగి దిగులుపడును. గోరువెచ్చని నీటిలో ఉంచి కదల్చుట, గుడ్డ పిండుట, చపాతీపిండి పిసుకుట, తాళము త్రిప్పుట, జడ వేయుట మొదలగు నిత్యకృత్యములే ఉత్తమ వ్యాయామములు. అరచేతిని ఆకాశమువైపు త్రిప్పి దోసిలి పట్టుట అన్నిటికంటె ఆలస్యముగా వచ్చు కదలిక, ఓపికతో సాధింపవలెను. అభ్యాసముచే కలిగిన నొప్పి కొంతసేపటికి తగ్గినచో కొనసాగింపవచ్చును; మఱునాటికిని వాపు నిలిచినచో జోరు తగ్గింపవలెను. బరువులెత్తుట, ఆటలాడుట ఎక్స్-రే ఛాయాచిత్రమున అతుకు చూచి వైద్యుడు అనుమతించిన పిమ్మటనే.

ఈ సమీక్షవలన నాకు తేలిన అభిప్రాయమిది: విశ్రాంతి విరిగిన చోటికే పరిమితము కావలెను, శ్రమ తక్కిన దేహమంతటికిని వ్యాపింపవలెను. మన ఆసుపత్రులలో కట్టు కట్టిన పిమ్మట రోగికిచ్చు చీటిలో మందులపేరులును మరల రావలసిన తేదియు ఉండును. ఏమి చేయవచ్చునో చెప్పు వాక్యము తఱచుగా నుండదు. వ్రేళ్ళు ఎట్లు కదల్పవలెనో, ఏ చిహ్నము కనబడిన పరుగెత్తి రావలెనో, ఏ పనులు నేడే చేసికొనవచ్చునో, ఏవి ఎన్ని వారముల తరువాతనో, తెలుగులో, పెద్ద అక్షరములలో, చదువురానివారికి బొమ్మలతో ముద్రించి ప్రతి కట్టుతోను ఇచ్చుట ఖర్చులేని సంస్కారము. అది జరిగిననాడు వ్రేళ్ళు బిగిసి, భుజము పట్టివేసి తిరిగి ఆసుపత్రి మెట్లెక్కువారి సంఖ్య తప్పక తగ్గునని నా దృఢవిశ్వాసము.